దోన్కా అవ్వ చుట్టూ తొమ్మిది గ్రహాలు

కమెన్‌దోల్
12 ఫిబ్రవరి, 1979

అసేన్ మాస్టారుగారికి,

ఏ వెలికా అని తల బద్దలు కొట్టుకోకండి. నలభై ఏళ్ళ కిందట మీరు మా కొండ ఊళ్ళో లెక్కలూ సైన్సూ చెప్పిన రోజుల్లో, పెళ్ళిళ్ళలో ఒకరినొకరు పట్టుకుని వరసగా తిరిగే హోరో ఆటకి అందరికన్నా ముందు నిలబడి రుమాలు ఊపిన పిల్లని. మీ ఆవిడ పోయినప్పుడు నాలుగు ముక్కలు రాశాను, మీరు రెండు ముక్కలు జవాబిచ్చారు. అంతకు మూడేళ్ళ ముందే మా ఆయన స్తోయిచో పోయాడు. పరామర్శలు రెండు వైపులా అయిపోయాయి కనక ఇప్పుడు హాయిగా పని మాట రాస్తున్నాను.

మే ఇరవై నాలుగున అక్షరాల పండుగకి మా పఠనమందిరం ముందు ఏటా హోరో ఆడతాం కదా. ఈ ఏడు కార్యదర్శిగారికి సైన్సు పట్టుకుంది. జిల్లా నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారట. ఊరికే గెంతితే చాలదు, ఆటలో ఓ విషయం ఉండాలన్నారు. ఏం విషయమయ్యా అంటే సౌరకుటుంబమట. ఆ ఆట కట్టే పని నా నెత్తిన పెట్టారు. అరవై ఏళ్ళు వచ్చినా నాకు సూర్యుడంటే మిరపకాయలు ఎండబెట్టుకోవడానికి పనికొచ్చేవాడని మాత్రమే తెలుసు.

అయినా ఒప్పుకున్నాను. సూర్యుడిగా దోన్కా అవ్వని ఖాయం చేశాను. మీకు గుర్తుండే ఉంటుంది, అప్పుడే ఆవిడ లావుకి గుమ్మంలోంచి పక్కకి తిరిగి వచ్చేది. ఇప్పుడు ఎనభై రెండేళ్ళు. మోకాళ్ళు పనిచెయ్యవు, నోరు మాత్రం బాగా పనిచేస్తుంది. నేనేం చెయ్యాలే అని అడిగింది. ఏమీ చెయ్యక్కర్లేదు, మధ్యలో కుర్చీలో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కుంటే చాలన్నాను. "అయితే సూర్యుణ్ణి నేనే, ఇంకెవరినీ అడక్కు" అంది. రొట్టెల కొట్టు ఇస్క్రా బుధుడు. పీపాలు చేసే గోరాన్ శని, నడుముకి పీపా కడియం తనే తెచ్చుకుంటాడు. పోస్టుమాన్ పెంచోకి ప్లూటో ఇచ్చాను, ఇంకెవరూ తీసుకోలేదు.

మా వైపు హోరోలో చేతులు పట్టుకోరు, పక్కవాళ్ళ నడుంపట్టీ పట్టుకుంటారు. మీరు మరిచిపోయి ఉండరు. అందుకని దోన్కా అవ్వ నడుముకి తొమ్మిది పొడుగాటి ఉన్ని పట్టీలు కట్టి, తలా ఒకటి గ్రహాల చేతికి ఇద్దామని నేతకి కూర్చున్నాం. అంతా బాగానే ఉంది. కానీ అక్కడ నిజంగా గ్రహాల్ని పట్టుకుని ఉండేది ఏమిటని ఇస్క్రా అడిగింది. మీరు ప్లానెటేరియంలో పిల్లలకి చెప్తుంటారని విన్నాను. పుస్తకంలో ఉన్నట్టు కాకుండా ఇస్క్రాకి అర్థమయ్యేట్టు రాసి పంపండి.

ఉంటాను,
వెలికా

~

వార్నా
23 ఫిబ్రవరి

వెలికాగారికి,

తల బద్దలు కొట్టుకోలేదు. కవరు మీద దస్తూరీ చూసి మూడో అంతస్తు మెట్ల మీదే నిలబడిపోయాను. చేతిలో పెరుగు గిన్నె ఉంది. కింది ఇంటావిడ వచ్చి, ఏమండీ ఒంట్లో బాగాలేదా అని అడిగేదాకా చదువుతూనే ఉన్నాను.

ఇస్క్రాగారి ప్రశ్నకి జవాబు. అక్కడ పట్టీ ఏమీ లేదు. తాడూ లేదు, గొలుసూ లేదు. సూర్యుడు లాగుతాడు, అంతే. లాగితే మరి వెళ్ళి అందులో పడాలి కదా అంటారు. మీ పెరట్లో అక్రోటు చెట్టు ఉండేది. కాయ దానంతటది రాలితే తిన్నగా కిందపడుతుంది. అదే కాయని పక్కకి విసిరితే కాస్త దూరం పోయి పడుతుంది. ఇంకా గట్టిగా విసిరితే ఇంకా దూరం. భూమి గుండ్రం కనక, విసిరే చెయ్యి మనుషులకి లేనంత గట్టిదైతే, మధ్యలో గాలి అడ్డు లేకపోతే, కాయ పడుతూనే ఉంటుంది, నేల దాని కిందనుంచి వంగిపోతూనే ఉంటుంది. ఎప్పటికీ తగలదు. గ్రహాల పని ఇదే. అవి సూర్యుడి మీదికి పడుతూనే ఉన్నాయి, పక్కకి పరిగెత్తుతూనే ఉన్నాయి. పరుగు లేకపోతే వెళ్ళి సూర్యుడిలో పడతాయి. లాగేవాడు లేకపోతే తిన్నగా పోతాయి. రెండూ ఉన్నాయి కనక చుట్టూ తిరుగుతాయి.

లాగడం ఆగితే గ్రహం వెనక్కి, బయటికి ఎగిరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఆ క్షణాన ఎటు పోతోందో అటే తిన్నగా పోతుంది. దీని మీద నేను స్వయంగా ప్రయోగం చేశాను. ముప్ఫై ఎనిమిది నవంబర్లో గోరాన్ వాళ్ళ నాన్న ఇంట పెళ్ళి. నేను హోరో తోకలో తడబడుతుంటే మీరు జాలిపడి ముందు నుంచి వచ్చి నా పక్కన నిలబడ్డారు. తోక ఎంత జోరుగా తిరుగుతుందో మీకు తెలుసు. నా చెయ్యి జారింది. నేను బయటికి ఎగరలేదు, ఎటు పరిగెత్తుతున్నానో అటే తిన్నగా పోయి క్యాబేజీ ఊరబెట్టిన పీపాలో పడ్డాను. పిల్లలకి ఈ ఉదాహరణే చెప్తుంటాను, పేరు మాత్రం మారుస్తాను.

ఒక హెచ్చరిక. లోపలి గ్రహాలు జోరుగా, బయటివి నిదానంగా తిరుగుతాయి. అందరినీ ఒకే కుర్చీకి పట్టీలతో కడితే చిక్కుపడతారు. వద్దు.

మార్చి ఒకటి దగ్గరపడింది కనక మార్తెనిత్సా ఒకటి కవర్లో పెడుతున్నాను. ఎరుపూ తెలుపూ కలిపి నేనే పేనాను, అందుకే వంకరగా ఉంది. ఇక్కడ సముద్రం మీద గాలి బాగా ఉంది. ఒక్కడికి సూపు కాచుకోవడం ఇంకా చేతకాలేదు, ఎంత చూసి చేసినా మూడు రోజులకి సరిపడా అవుతోంది.

ఇట్లు,
అసేన్

~

కమెన్‌దోల్
11 మార్చి

మాస్టారుగారూ,

దారం అందింది, చేతికి కట్టుకున్నాను. వంకరగానే ఉంది.

మీ హెచ్చరిక చదివి పక్కన పెట్టాం. తప్పే. కానీ మా వాళ్ళకి పట్టీ అంటే ఏమిటో మీకు తెలియదా. ఆట మధ్యలో పట్టీ వదిలినవాడు ఏడాది పాటు ఊళ్ళో తలెత్తుకోలేడు. అటువంటివాళ్ళని ఒట్టి చేతులతో తిరగమంటే ఒప్పుకుంటారా? ప్లానెటేరియం మాస్టారు సముద్రం పక్కన కూర్చుని ఏమైనా రాస్తాడు, మనం పట్టీలతోనే ఆడదామన్నాడు గోరాన్. అందరూ సరే అన్నారు, నేనూ అన్నాను.

పోయిన ఆదివారం మధ్యాహ్నం మొదటిసారి ఆడి చూశాం. గైదావాడు తోలుతిత్తి నొక్కి ఊదడం మొదలెట్టాడో లేదో, ఇస్క్రా బొంగరంలా అందుకుంది. మిగతావాళ్ళు ఒక్క చుట్టు పూర్తిచేసేలోపు అది నాలుగు తిరిగింది. దాని పట్టీ శుక్రుడి పట్టీ మీద, శుక్రుడిది భూమి మీద, అన్నీ కలిసి దోన్కా అవ్వ మీద. గైదావాడు కళ్ళు మూసుకుని ఊదుతున్నాడు, ఆపడు. పట్టీ వదిలితే పరువుపోతుందని వీళ్ళు వదలరు. చివరికి సూర్యుడు దారం చుట్టిన కండెలా అయిపోయి కుర్చీతో సహా పక్కకి ఒరిగాడు. గ్రహాలన్నీ వెళ్ళి ఆవిడ మీద పడ్డాయి. లోపల్నుంచి గొంతు మాత్రం వినబడుతోంది: "ఒరే, గింజల సంచీ నలగ్గొట్టారు కదరా."

మా అత్తగారు నేసిన పట్టీ కత్తెరతో కోస్తే గానీ ఆవిడ బయటికి రాలేదు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నవ్వాను, చాలా రోజులయింది అంతగా నవ్వి.

సరే, మీరు గెలిచారు. పట్టీలు లేకుండా ఎలా తిప్పాలో చెప్పండి. ఎవరు ఎంత జోరుగా పోవాలో కూడా రాయండి. ఇంకో మాట. సూపు పెద్ద గిన్నెలో కాస్తున్నారు కాబోలు. చిన్న గిన్నె కొనుక్కోండి.

వెలికా

~

వార్నా
24 మార్చి

వెలికాగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండోసారి ట్రాములో చదివానేమో, పక్కన కూర్చున్నాయన లేచి వేరే చోట కూర్చున్నాడు. నేను అంత గట్టిగా నవ్వానట. వార్నాలో ట్రాములు లేవు కదా అని మీరు పట్టుకుంటారు, బస్సు. ఈ మధ్య మాటలు తారుమారవుతున్నాయి.

లెక్క ఇదిగో. దగ్గరున్నవాళ్ళని సూర్యుడు గట్టిగా లాగుతాడు కనక వాళ్ళు పడిపోకుండా ఉండాలంటే జోరుగా పరిగెత్తాలి. దూరంగా ఉన్నవాళ్ళ మీద లాగడం తక్కువ, వాళ్ళకి నిదానం నడక చాలు. మన భూమి పన్నెండు చుట్లు తిరిగే లోపల ఇస్క్రాగారు యాభై తిరగాలి, ఆవిడకి ముందే చెప్పి ఉంచండి. బృహస్పతి ఒక్కటే చుట్టు. గోరాన్ సగం కూడా తిరగడు. ప్లూటోకి ఒక చుట్టు తిరగడానికి రెండు వందల నలభై ఎనిమిదేళ్ళు పడుతుంది, కాబట్టి పెంచో ఆట మొత్తం మీద ఒక్క అడుగు వేస్తే ఎక్కువ.

అతనికో శుభవార్త కూడా ఉంది. ప్లూటో దారి కొంచెం సాగదీసిన గుండ్రం. ఎప్పుడూ ఆఖర్న ఉండేవాడు ఈ ఫిబ్రవరిలో నెప్ట్యూన్‌ని దాటి సూర్యుడి వైపు లోపలికి వచ్చాడు. ఇక ఇరవై ఏళ్ళ పాటు ఆఖరివాడు నెప్ట్యూనే. అంతటి దూరపువాడికీ దగ్గరికి వచ్చే రోజులుంటాయన్నమాట. మీ ఉత్తరం వచ్చింది కూడా ఆ నెలలోనే.

ఇక్కణ్ణుంచి 'మీరు' అని రాయలేను వెలికా.

ఆ పెళ్ళిలో, పీపాలో పడటానికి ముందు, నీ చెవిలో ఒక మాట అడిగాను. నాతో వార్నా వచ్చేస్తావా అని. జవాబు నోటితో రాలేదు. వచ్చిన జవాబు అర్థం చేసుకుని వారం తిరక్కుండా బదిలీ పెట్టించుకున్నాను. నేనూ పెళ్ళి చేసుకున్నాను, నువ్వూ చేసుకున్నావు, ఇద్దరం మంచివాళ్ళతోనే బతికాం. ఇప్పుడు నాకు అరవై అయిదు. ఇక్కడ మూడు గదులున్నాయి, ఒక గదిలోంచి సముద్రం కనిపిస్తుంది. ఇంకోసారి అడుగుతున్నాను. వార్నా వచ్చేస్తావా?

చిన్న గిన్నె కొనలేదు.

అసేన్

~

కమెన్‌దోల్
9 ఏప్రిల్

మాస్టారుగారూ,

మీరు పంపిన లెక్క గోడకి అంటించాం. యాభై చుట్లని విని ఇస్క్రా రొట్టెలు తినడం మానేసి కాళ్ళకి ఆముదం రాస్తోంది. పెంచో అయితే నెప్ట్యూన్ వేసే లైబ్రరీ ఆవిడ దగ్గరికి వెళ్ళి, ఆఖరివాణ్ణి నేను కాదు నువ్వే అని చెప్పి వచ్చాడు. అప్పట్నుంచి ఆవిడ తన ఉత్తరాలు తనే పోస్టాఫీసుకి వెళ్ళి తెచ్చుకుంటోంది.

పట్టీల సంగతి తేలిపోయింది. ఎవరి పట్టీ వాళ్ళే పట్టుకోవాలన్నాను. రెండు చేతులా సొంత నడుం పట్టుకున్నా పట్టీ పట్టుకున్నట్టే కదా, పరువూ పోదు, చిక్కూ పడదు. కానీ అలా వదిలేసరికి ఎటువాళ్ళు అటు పోయారు. కుజుడు సగం చుట్టు తిరిగి తిన్నగా సారాకొట్టు వైపు వెళ్ళిపోయాడు. మీరు చెప్పినట్టే, బయటికి కాదు, తిన్నగానే. అప్పుడు నాకో ఉపాయం తట్టింది. కాళ్ళు పక్కకి పోవాలి, కళ్ళు మాత్రం దోన్కా అవ్వ మీదినుంచి తియ్యకూడదు. ఎంత జోరైనా సరే, ఎంత దూరమైనా సరే. కళ్ళు తిప్పారా, నా కర్ర తగులుతుంది. ఆశ్చర్యంగా ఉంది, అంతటితో గుండ్రం కుదిరింది. చూపు అటే లాగుతుంటే కాళ్ళు వాటంతటవే వంపు తిరుగుతున్నాయి. ఇన్ని కళ్ళు తనమీదే ఉండేసరికి అవ్వ కొత్త తలగుడ్డ కొనిపించుకుంది.

సెయింట్ జార్జి పండక్కి గొర్రెపిల్ల కుదిరింది. అక్రోటు చెట్టు ఇంకా ఉంది.

మీరు అడిగిన ఇంకో ప్రశ్న చదివాను. మే ఇరవై నాలుగు దాటనివ్వండి.

వెలికా

~

వార్నా
21 ఏప్రిల్

శ్రీమతి వెలికాగారికి,

కళ్ళ ఉపాయం చాలా బాగుంది. శాస్త్రం దృష్ట్యా అందులో తప్పేమీ లేదు. లాగడం అంటే పిల్లలకి అలాగే చెప్పవచ్చు, నా ఆదివారం ఉపన్యాసంలో మీ పేరు చెప్పి వాడుకుంటాను.

పోయిన ఉత్తరం చివర రాసిన దాన్ని దయచేసి పట్టించుకోకండి. ఇక్కడి సముద్రపు గాలికి మనిషి ఏవేవో రాస్తాడు. ఇరవై నాలుగుకి మిమ్మల్ని చూడటానికి రావాలని మనసులో అనుకున్న మాట నిజమే, కానీ ఆ రోజు ఇక్కడ బడిపిల్లలు గుంపులు గుంపులుగా వస్తారు, కదలడం కుదరదు. ఆట బాగా జరగాలని కోరుకుంటున్నాను. దోన్కా అవ్వకి నమస్కారాలు.

ఇట్లు,
అ. మార్కోవ్

~

కమెన్‌దోల్ పోస్టాఫీసు
7 మే

గౌరవనీయులైన మాస్టారుగారికి ప్లూటో రాయునది.

నేను ఉత్తరాలు చదవను. పందొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఒక్క కవరు విప్పలేదు. కానీ నాకు కళ్ళున్నాయి కదండీ, అవి దోన్కా అవ్వ మీద పెట్టాల్సింది ఆట జరిగేటప్పుడు మాత్రమే.

ఈ పందొమ్మిదేళ్ళలో వెలికా అక్క నాకోసం గేటు దాకా ఎప్పుడూ రాలేదు. ఫిబ్రవరి నుంచి గేటు దగ్గర నిలబడింది. మార్చిలో కొట్టు మలుపు దాకా వచ్చింది. ఏప్రిల్లో వంతెన దగ్గరే పట్టుకుంది, సంచీ దింపనివ్వలేదు. మీ ఆఖరి ఉత్తరం వంతెన మీదే చదివింది. చదివి మడతపెట్టి, "బాగుంది పెంచో, అందరూ బాగున్నారు" అంది. ఆ సాయంత్రం మా చేత ఆట నాలుగుసార్లు ఆడించింది. ఇస్క్రా రెండు వందల చుట్లు తిరిగింది, మర్నాడు ఊళ్ళో రొట్టెల్లేవు.

ఇంకొకటి. మార్తెనిత్సా సంగతి మీకు నేను చెప్పాలా, కొంగ కనబడ్డాక విప్పి పూసిన చెట్టుకి కట్టాలి. కొంగలు వచ్చి నెలన్నర అయింది. మా పోస్టాఫీసు కప్పు మీదే కాపురం పెట్టాయి. చెట్లు పూసి, రేకులు రాలి, కాయలు కూడా పడ్డాయి. అక్క చేతికి వంకర దారం అలాగే ఉంది. ఊరంతా చూసింది. ఎవరూ అడగలేదు, అవ్వ అడగొద్దంది.

ఇది ఉద్యోగ రీత్యా రాసింది కాదు, గ్రహం హోదాలో రాశాను.

మీ విధేయుడు,
పెంచో (ఆఖరివాడు కాదు)

~

కమెన్‌దోల్
26 మే

అసేన్,

ఇప్పుడు నేను కూడా 'నువ్వు' అనే రాస్తాను. కోపంగా ఉన్నప్పుడు 'మీరు' అనడం నీకు వచ్చింది, నాకు రాలేదు.

ముందు ఆట సంగతి. పొద్దున్న పది గంటలకి మొదలెట్టాం. జిల్లా పెద్దలు ముందు వరసలో కూర్చున్నారు. దోన్కా అవ్వ పసుపు తలగుడ్డతో కుర్చీలో సర్దుకుంది. పెంచో వంతెన చివర నిలబడ్డాడు, ప్లూటో ఉండాల్సిన దూరం అదేనని పట్టుబట్టాడు. గుండ్రాలు ఒకదాని లోపల ఒకటి, ఎవరి జోరు వాళ్ళది, ఒక్కరు కూడా కళ్ళు తిప్పలేదు. ఇస్క్రా ముప్ఫై చుట్లు తిరిగేదాకా అంతా నువ్వు రాసిన లెక్కలాగే నడిచింది. నేను గర్వపడుతూ నిలబడ్డాను.

అప్పుడు గైదావాడు జోరు పాట అందుకున్నాడు. చూస్తే అవ్వ మడమలు ఆడుతున్నాయి. తర్వాత భుజాలు. మోకాళ్ళు పనిచెయ్యవని ఇరవై ఏళ్ళుగా ఊరంతటి చేతా నీళ్ళు మోయించుకున్న మనిషి గింజల సంచీ ఒళ్ళోంచి తీసి, లేచి నిలబడి, ఆడుకుంటూ వీధిలోకి నడిచింది. సూర్యుడు లేచిపోతే ఏం చెయ్యాలో నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పింది ఒక్కటే, కళ్ళు అవ్వ మీదినుంచి తియ్యొద్దని. వాళ్ళు తియ్యలేదు. ఆవిడ చుట్టూ తిరుగుతూనే ఆవిడ వెంట పోయారు. ఆగండి ఆగండి అని అరిచాను, ఒక్క గ్రహమూ నా వైపు చూడలేదు. గోరాన్ కడియం పఠనమందిరం గేటులో ఇరుక్కుంటే దాన్ని అక్కడే వదిలేసి, ఉత్త శనిగా పరిగెత్తాడు. జిల్లా పెద్దలు కుర్చీల్లోంచి లేచి మా వెనకే వచ్చారు. మొత్తం సౌరకుటుంబం కొట్టు ముందునుంచి, పోస్టాఫీసు ముందునుంచి, కొంగల కిందనుంచి వంతెన దాకా పోయింది. అవ్వ వెళ్ళి పెంచో ముందు ఆగింది. సూర్యుడే తన దగ్గరికి వచ్చినందుకు వాడికి కళ్ళనీళ్ళు ఆగలేదు.

అక్కడ నిలబడి వాళ్ళని చూశాను అసేన్. ఎవరి నడుముకీ ఏమీ కట్టలేదు. ఎవరూ తప్పిపోలేదు. నలభై ఏళ్ళుగా దాచుకున్నది అప్పుడు బయటికి వచ్చింది. అందరి ముందూ చెప్పేశాను. ఇప్పుడు నీకూ చెప్తున్నాను.

ఆ పెళ్ళిలో జారింది నీ చెయ్యి కాదు. నీ పట్టు ఎప్పుడూ అంతంతమాత్రమే, నిన్ను ఆపి ఉంచింది నా చెయ్యి. నువ్వు చెవిలో ఆ మాట అడగ్గానే నా వేళ్ళు వదులయిపోయాయి. కాదని కాదు. సంతోషంతో. ఇరవై ఏళ్ళ దాన్ని. అంత సంతోషాన్నీ నీ పట్టీనీ ఒకేసారి పట్టుకోవడం చేతకాలేదు. నువ్వు క్యాబేజీ నీళ్ళు కారుతూ లేచి, నా చెయ్యే జారిందండీ అని అందరికీ చెప్పావు. ఊరంతా పడీపడీ నవ్వింది. నేను నోరు విప్పలేదు. పట్టీ వదిలిన పిల్లని మావాళ్ళు మళ్ళీ హోరో ముందు నిలబడనివ్వరు. నాకు ఆ చోటు కావాలి. ఆ చోటు దక్కించుకున్నాను, నువ్వు వెళ్ళిపోయావు. నవ్వుల పాలయ్యావు కనక వెళ్ళావనుకున్నాను. నా చేతిని జవాబుగా తీసుకున్నావని మార్చి నెల ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు. అది చదివి నేను ఎలా ఉన్నానో, నీకు గొర్రెపిల్ల సంగతి ఎందుకు రాశానో ఇప్పుడు అర్థమయిందా?

వంతెన మీద ఇదంతా చెప్పి, రుమాలు తీసి ఇస్క్రా చేతిలో పెట్టాను, ఇక ముందు నిలబడే అర్హత నాకు లేదని. దోన్కా అవ్వ ఆయాసం తీర్చుకుని అంది: "నాకెప్పుడో తెలుసులేవే. ఆ రోజు నీ వెనకే కూర్చున్నాను. ఎప్పుడు చెప్తావా అని చూస్తున్నా. ఇంకో ఏడాది చూసి నేనే చెప్పేద్దామనుకున్నా." రుమాలు ఇస్క్రా దగ్గర్నుంచి లాక్కుని మళ్ళీ నా చేతిలో కుక్కింది.

స్తోయిచోతో బాగానే బతికాను, అబద్ధం చెప్పను. మంచివాడు. కానీ ఇన్నేళ్ళూ పొద్దున్నే రేడియోలో సముద్రతీరం వాతావరణం చెప్తుంటే పని ఆపి వినేదాన్ని. వార్నాలో గాలి ఎంత, అలలు ఎంత. కొండల్లో ఉండేదానివి, అలలతో నీకేం పనే అని నవ్వేవాడు. వినడం మానమని మాత్రం ఎప్పుడూ అనలేదు.

చెయ్యి వదిలాను అసేన్. చూపు వదల్లేదు.

ఇక నీ ప్రశ్న. వార్నా వచ్చేసి నీ మూడు గదుల్లో కూర్చోను. అవ్వ ఉంది, ఆట ఉంది, ఇక్కడ లేకపోతే నేను నేను కాను. నిన్ను నీ గుండ్రటి కప్పు కిందనుంచి లాక్కొచ్చి ఇక్కడ కట్టెయ్యను. పట్టీలతో కడితే ఏమవుతుందో చూశాం కదా. సముద్రం కనిపించే గది నాకు ఉంచు, ఎండాకాలం వస్తాను. నా పొయ్యి దగ్గర కుర్చీ ఒకటి నీకు ఉంచుతాను, మంచు పడగానే రా. మధ్యలో రైలు ఉంది. ప్లూటోకి దగ్గర్లో ఉండే రోజులు ఇరవై ఏళ్ళని రాశావు. మనకి ఇరవై ఏళ్ళు చాలవా?

పెద్ద గిన్నె పారెయ్యకు.

వెలికా

~

వార్నా
30 మే

వెలికా,

ఒక తప్పు నాదే. సూర్యుడు కూడా ఒకచోట కూర్చోడు, కదులుతాడు, గ్రహాలన్నిటినీ వెంటేసుకునే పోతాడు. ఆ మాట నీకు రాయడం మరిచాను. దోన్కా అవ్వకి ఎవరూ చెప్పకుండానే తెలిసినట్టుంది, కాళ్ళకి దండం పెట్టానని చెప్పు.

పెంచో ఉత్తరం అందినప్పట్నుంచి పెట్టె సర్ది గుమ్మం దగ్గర పెట్టుకుని, సిగ్గుతో కూర్చున్నాను. మంచు పడేదాకా ఆగలేను. శనివారం మధ్యాహ్నం బండికి దిగుతాను. ఆ వంకర దారం ఇంకా విప్పకు, ఇద్దరం కలిసి అక్రోటు చెట్టుకి కడదాం.

ఆ రోజు నీ చెయ్యి వదిలాక తిన్నగా పోతున్నాననే అనుకున్నాను, నలభై ఏళ్ళు. చుట్టూ తిరుగుతున్నానని ఇవాళే తెలిసింది.

గోరాన్‌తో చెప్పి పీపాలు పక్కకి జరిపించు.

అసేన్